చప్పుడు లేని టీవీ

మూడు దాటి ఏడు నిమిషాలయింది. ల్యాప్‌టాప్ తెర మీద ఆ తెల్లటి గుండ్రం తిరుగుతూనే ఉంది. చెవుల్లో పెట్టుకున్న వైరు లేని ఇయర్‌ఫోన్లలో కూతురి గొంతు బావిలో పడ్డ చెంబులా మునిగి, తేలి, మళ్ళీ మునుగుతోంది. సలోమి ఒకటి నుంచి పది దాకా అంకెలు చదివింది. గుంటూరు హాస్టల్లో కూర్చున్న షారోన్ వాటిలో తనకు అందినవి తిరిగి చెప్పింది. రెండు, మూడు, ఏడు. అంతే. మిగతావి ఎక్కడికి పోతున్నట్టు? నోట్లోంచి బయటికొచ్చిన మాట ఈ హాలు దాటకుండా మధ్యలో ఎవరి చేతిలో పడుతున్నట్టు? నాలుగింటికి కనిగిరి వాళ్ళు ఇంటర్వ్యూకి కాల్ చేస్తారు. పదిహేను రోజుల కిందట చేసినప్పుడు ఇలాగే అయింది. తను సుమతీ శతకం గురించి ఇష్టంగా చెప్పుకుపోతుంటే అటు క్రిస్టీనా మేడం చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, మీ మాట ముక్కలు ముక్కలుగా వస్తోందమ్మా, ఒక్క వాక్యం పూర్తిగా రాలేదు అంది. మంచావిడ కాబట్టి ఇంకో రోజు ఇచ్చింది. ఆ హాస్టల్ స్కూల్లో తెలుగు టీచరూ వార్డెనూ ఒకరే, అక్కడే ఉండాలి, గది ఇస్తారు. ఇవాళ కూడా కుదరకపోతే వరసలో ఉన్న ఇంకొకరిని పిలుస్తామని కూడా చెప్పింది. అందుకే ఒంటిపూట బడిలో పాఠాలు ముగించుకుని ఎండలో నడిచొచ్చి, అన్నం కూడా సగం వదిలేసి, కూతుర్ని అవతల కూర్చోబెట్టి ఈ పరీక్షలు. కూతురికి చెప్పింది మాత్రం ఆన్‌లైన్ ట్రైనింగ్ అని.

వేరే చోట కూర్చుందామంటే కుదరదు. షారోన్ వాడి వదిలేసిన ఈ ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, వైరు తీస్తే దీపం ఆరినట్టు ఆరిపోతుంది. స్పీకరు బొంగురు. పడగ్గదిలోకి వెళితే గోడలు అడ్డమై వైఫై గీతలు ఒకటికి పడిపోతాయి. ఫోన్లో చేద్దామంటే పాఠం పేజీలు తెర మీద చూపించాలి. కాబట్టి ఈ హాలే, ఈ కుర్చీయే, టీవీ పక్కనున్న ఈ ప్లగ్గే. ఎదురుగా నవారు మంచం మీద అత్తగారు పుల్లమ్మ కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని, కిందటి ఆదివారం తెచ్చిన మిరపకాయలకు తొడిమలు తీస్తూ టీవీ చూస్తోంది. చప్పుడు లేని టీవీ. ఆ ఇంట్లో టీవీకి చప్పుడుండదు, సలోమి కాపురానికి వచ్చిన నాటి నుంచీ అంతే. ఇరవై రెండేళ్ళు పేటలోని జిన్నింగ్ మిల్లులో పత్తి గింజ తీసే యంత్రాల మధ్య నిలబడి నిలబడి పుల్లమ్మ చెవులు పోయాయి. మిల్లు మూతపడింది గానీ ఆ హోరు మాత్రం చెవుల్లోనే ఉండిపోయిందని చెప్పేది. ఎంత పెంచినా వినపడని దానికి చప్పుడెందుకని, మనిషి బొమ్మల్ని చూసే కథ అల్లుకునేది. సీరియల్లో ఎవరో ఏడుస్తుంటే, దానికి మొగుడు పోయినట్టుంది అనేది, తీరా చూస్తే దాని ఉంగరం పోయి ఉండేది. చెవిటి మనిషి కాబట్టి పెద్దగా అరుస్తూ మాట్లాడేది. ఇంట్లో వాళ్ళూ అరిచేవాళ్ళు. అత్తా అన్నం తిన్నావా అన్న ఒక్క ముక్క వీధి చివరి దాకా వినిపించేది.

ముందు ఓవెన్ తీసెయ్యమ్మా అంది షారోన్, గొంతు తేలిన క్షణంలో. ఓవెన్ నడుస్తుంటే వైఫైకి అడ్డం పడుతుందట. ఓవెన్ నడవడం లేదు, అయినా వంటింట్లోకి వెళ్ళి ప్లగ్గు పీకి వచ్చింది. ఆ ఓవెన్ ప్రేమదాసు తెచ్చింది. మొగుడు దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో టైమ్ కీపరు, వారమంతా అక్కడే క్వార్టర్స్‌లో ఉండి శనివారం సాయంత్రం వస్తాడు, ఆదివారం గుడి అయ్యాక అన్నం తిని బస్సెక్కుతాడు. పంతొమ్మిదేళ్ళుగా అంతే. ఇల్లు వదిలి అన్నాళ్ళు ఎలా ఉంటావని ఆయన్ని ఎవరూ అడగలేదు. వారం వారం ఆయన బట్టల మడతల్లోంచి రాలే బూడిద రంగు దుమ్ము దులిపి, ఉతికి, ఇస్త్రీ చేసి పంపించింది. కుర్చీలోకి వచ్చి మళ్ళీ ఒకటి, రెండు, మూడు, అలా పది దాకా. ఎన్నొచ్చాయే? ఒకటి, నాలుగు, తొమ్మిది. అయితే మౌస్ తీసెయ్యమ్మా, దాని చిన్న ముక్క పక్కన గుచ్చి ఉంటుంది చూడు, అదీ తీసెయ్. తీసింది. మళ్ళీ పది అంకెలు. మళ్ళీ మూడో నాలుగో. మంచం మీద తొడిమ విరిచిన చిన్న టిక్కుమన్న చప్పుడు మాత్రం తెగకుండా వస్తోంది, దానికి ఏ అడ్డమూ లేదు. ఘాటుకి ముక్కు మండి సలోమి తుమ్మింది. పుల్లమ్మ తల తిప్పి చూసి మళ్ళీ టీవీ వైపు తిరిగింది. తను తుమ్మడం కంటపడి ఉంటుందిలే అనుకుంది సలోమి.

ఎదురింటి సుభానీ గారు కిందటి నెల గేటు మీద వైఫై కెమెరా పెట్టించారు. అదే అయ్యుంటుందమ్మా అంది షారోన్, అవి రోజంతా పంపుతూనే ఉంటాయి. సలోమికి కూడా అదే అనిపించింది. అనిపించడమేమిటి, మొదటి నుంచీ ఆమె అనుమానం దాని మీదే. తన ఇంట్లో ఏముంది గనక, ఒక ఓవెను, ఒక మౌసు, ఒక మూగ టీవీ. అడ్డం వచ్చేదేదో బయటి నుంచే వస్తుంది. చెప్పులేసుకుని రోడ్డు దాటి వెళ్ళింది. నిద్రలోంచి లేచొచ్చిన ఆయనకి ఎలా చెప్పాలో తెలియక, గంటసేపు మీ కెమెరా ఆపుతారా అన్నయ్యగారూ, నాకు ముఖ్యమైన కాల్ ఉంది అంది. ఆయన ఎందుకని అడగలేదు. సాయంత్రం దాకా ఆపేస్తాలేమ్మా, పట్టపగలు మా ఇంట్లో దోచుకోటానికి ఏముంది అని నవ్వి స్విచ్చి కట్టేశాడు. తిరిగొచ్చేటప్పుడు సలోమికి కాస్త సిగ్గేసింది, ఇన్నాళ్ళూ ఆ కెమెరా తన గుమ్మం వైపే చూస్తోందని లోపల్లోపల తిట్టుకున్నందుకు. లోపలికొచ్చి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒకటి, రెండు, మూడు. షారోన్ గొంతు నీళ్ళలోంచి వచ్చింది. రెండు. ఎనిమిది. అంతేనమ్మా. ఇంకా తగ్గింది.

ఇక రూటరు ఆపి మళ్ళీ వెయ్యడమే, రెండు నిమిషాలు ఆగాలి. టీవీ బల్ల పక్కనున్న స్విచ్చి కట్టేసి కుర్చీలో వెనక్కి వాలింది. మూడూ ఇరవై. ఫ్యాను వేడి గాలిని తిప్పి తిప్పి అక్కడే పోస్తోంది. టీవీలో ఎర్ర చీర కట్టిన మనిషి నోరు తెరిచి మూస్తోంది. ఖాళీగా కూర్చోలేక సలోమి మంచం దగ్గరికి కుర్చీ జరుపుకుని చాటలోంచి నాలుగు కాయలు తీసుకుంది. ఈ ఏడు కాయ పొడుగ్గా, ముడతలు లేకుండా వచ్చింది. తొడిమని బొటనవేలితో వెనక్కి వంచితే చాలు, టిక్కున ఊడొస్తుంది. ఏటా అయిదారు రోజులు మధ్యాహ్నాలు ఇద్దరూ ఇలాగే కూర్చుంటారు, ఏడాది కారానికి. ఈ పనికి చేతులు చాలు, మనసు ఖాళీగా ఉంటుంది, నోరు ఊరుకోదు. ఎప్పటి నుంచి మొదలైందో తెలియదు, ఈ తొడిమల దగ్గర కూర్చున్నప్పుడల్లా సలోమి అత్తగారితో మాట్లాడేది. అరిచి కాదు, మామూలు గొంతుతో, ఇంకా చెప్పాలంటే మామూలు కంటే తక్కువ గొంతుతో, తనకు తను చెప్పుకున్నట్టు. ఎదురుగా ఒక మొహం ఉంటుంది, కళ్ళు ఉంటాయి, అప్పుడప్పుడూ తల ఊగుతుంది. విని తీర్పు చెప్పేవాళ్ళు లేరు. గుళ్ళో మోకరించి దేవుడికి చెప్పుకోలేనివి కూడా, దేవుడు వింటాడన్న భయంతో చెప్పుకోలేనివి, ఇక్కడ చెప్పేది.

ఈ జనవరిలో చెప్పింది. అమ్మ సంగతి. పదకొండేళ్ళ కిందట చీరాలలో అమ్మకి బాగా లేదని కబురొస్తే, ఇంట్లో సువార్త సభలకు వచ్చిన పాస్టర్లకి మూడు రోజుల భోజనాలున్నాయి, అవి అయ్యాక వెళ్ళు అన్నాడు ప్రేమదాసు. పూటకి నలభై మంది. మూడు రోజులూ పొయ్యి దగ్గరే నిలబడింది. నాలుగో రోజు పాసింజరు దిగి చేరేసరికి పెట్టె మూత బిగించేశారు, మళ్ళీ తియ్యకూడదన్నారు. అమ్మ మొహం చూడలేదు. అది ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి ఏముంది, అందరికీ తెలిసిందే కదా అనుకుంటారు. తెలిసింది వేరు. ఆ మూత మీద చెయ్యి పెడితే కొత్త చెక్క వాసన వచ్చిందని, ఇప్పటికీ వడ్రంగి కొట్టు ముందు నుంచి నడవలేదని ఎవరికి తెలుసు? ఫిబ్రవరి పంతొమ్మిది, ఆ తేదీ మీ అబ్బాయికి గుర్తు కూడా ఉండదత్తా అంది, తొడిమలు తీస్తూ. అప్పుడు పుల్లమ్మ కారం చేతిని మోచేతి దాకా ఎత్తి, వేళ్ళు తగలకుండా మణికట్టుతో సలోమి తల మీద ఆనించింది. ఎందుకో తనకే తెలియనట్టు. తర్వాత ఎప్పటిలా పెద్ద గొంతుతో, ఈ ఏడు కాయ రంగు బాగుందే అని అరిచింది. అంత మాట చెప్పుకుని కూడా నవ్వొచ్చింది సలోమికి. ఆ నవ్వుతోనే గుండె తేలికపడింది.

కనిగిరి గురించి చెప్పింది కూడా ఆమెకొక్కదానికే. అదింకా ఫిబ్రవరి మొదట్లో. పేపర్లో చూసి అప్లికేషన్ పెట్టానత్తా, తలుపు మూసుకుంటే నాది అనిపించే గది ఒకటి ఉంటుంది, అరవై మంది ఆడపిల్లలు ఉంటారు, వాళ్ళకి పద్యాలు నేర్పిస్తా అంది. నలభై ఏడేళ్ళొచ్చాక ఇదేం కోరికో నాకే తెలియదు అంది. ఇంకా ఏదో అంది, ఇప్పుడు గుర్తు చేసుకోవడం ఇష్టం లేదు. ఎవరికీ చెప్పొద్దత్తా అని నవ్వుతూ చెవిటి మనిషితో అంది కూడా.

మంచివి కూడా జరిగాయి ఈ మధ్య. ఫిబ్రవరి పంతొమ్మిది తర్వాతి శనివారం ప్రేమదాసు బస్సు దిగి లోపలికొస్తూనే సంచిలోంచి చీర తీసి ఇచ్చాడు. చీరాల నేత, మావిడి పిందె రంగు, సన్న అంచు. మీ అమ్మ పోయింది ఈ వారమే కదా అన్నాడు, మొహం అటు తిప్పుకుని. పదకొండేళ్ళలో మొదటిసారి. సలోమి ఆ చీర పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. మనిషిలో ఎక్కడో గుర్తుందన్నమాట, బయటికి చెప్పడం చేతకాదు గానీ ఉందన్నమాట. ఆ వారమంతా కనిగిరికి రానని రాసేద్దామా అని కూడా అనుకుంది. ఆయనే మళ్ళీ ఆ పై శనివారం అన్నం తింటూ, ఎవరూ ఏమీ అడక్కుండా, కనిగిరి వైపు నీళ్ళు తాగితే పళ్ళు గారబడతాయి, ఫ్లోరైడు అన్నాడు. సలోమి చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగింది. వార్తల్లో చూసి ఉంటాడులే అనుకుని చారు పోసింది.

రూటరు దీపాలు వెలిగాయి. కుర్చీ యథాస్థానానికి లాక్కుని, చేతులు తుడుచుకుని, మళ్ళీ షారోన్‌ని పట్టుకుంది. అదే నీళ్ళు, అదే మునక. అమ్మా, ఇయర్‌ఫోన్లే సరిగ్గా తగులుకోలేదేమో, బ్లూటూత్ లిస్టులోకి వెళ్ళి తీసేసి మళ్ళీ కలుపు అంది. అలాగే వెళ్ళింది. దగ్గర్లో ఉన్న పరికరాల పేర్లు ఒకదాని కింద ఒకటి కదిలాయి. తన ఇయర్‌ఫోన్ల పేరు, పక్కింటివాళ్ళ ఫోనేదో, ఇంకేదో అంకెల గొలుసు, దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో పుల్లమ్మ టీవీ. సలోమి నవ్వుకుంది. ఏమే, మన టీవీకి నాయనమ్మ పేరు పెట్టావా అనడిగింది. అటు నుంచి జవాబు రాలేదు. మళ్ళీ మునిగిందనుకుంది. కాదు, తెర మీద పిల్ల మొహం కదులుతోంది, కనురెప్పలు వేస్తోంది, వినపడ్డ మొహమే. తర్వాత గబగబా, టీవీని వదిలెయ్యమ్మా, టీవీకి దీనికి సంబంధం ఉండదు, నువ్వు ముందు ఇయర్‌ఫోన్లు చూడు అంది. ఇంతసేపూ ఓవెన్ అంది, మౌస్ అంది, ఎదురింటి గేటు దాకా పంపింది. ఎదురుగా వెలుగుతున్న టీవీ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తకపోవడం సలోమికి ఇప్పుడే తగిలింది. సంబంధం లేనిదాన్ని వదిలెయ్యమని అంత కంగారుగా ఎవరు చెబుతారు?

లేచి బల్ల వెనక్కి వంగింది. నవంబరు సెలవులకొచ్చినప్పుడు షారోన్ ఈ వైర్లన్నీ సర్దింది, అప్పటి నుంచి తను చెయ్యి పెట్టలేదు. దుమ్ము, ఒక చచ్చిన బల్లి, రూటరు, దానికి ఆనించి సబ్బు బిళ్ళంత నల్ల పెట్టె. టీవీ వెనక నుంచి ఒక సన్నటి వైరు అందులోకి వెళ్ళింది. ముందు ఆకుపచ్చ చుక్క మినుకుమినుకుమంటోంది. పైన తెల్ల చీటీ మీద ఎవరో నీట్‌గా రాసిన పేరు, పి. పుల్లమ్మ. దాని కింద చెవి బొమ్మ. ఆ బొమ్మని సలోమి కాసేపు అలాగే చూసింది, అర్థం కాని అక్షరాన్ని చూసినట్టు. తర్వాత, ఎందుకలా చేసిందో, వైరు పట్టుకుని లాగింది. ఆకుపచ్చ చుక్క ఆరింది. టీవీకి ఏమీ కాలేదు. ఎర్ర చీర మనిషి ఎప్పటిలాగే నోరు తెరిచి మూస్తోంది, ఎప్పటిలాగే చప్పుడు లేదు, ఈ హాల్లో పిసరంత మార్పు లేదు. మంచం మీద మాత్రం పుల్లమ్మ చెయ్యి చటుక్కున పైకి లేచింది. కారం చెయ్యి అన్నది కూడా మరిచిపోయి తల మీది కొంగు ముసుగు కిందికి, చెవి దగ్గరికి వెళ్ళింది. తమ్మెని తాకి, అక్కడే ఆగింది. వంగి ఉన్న సలోమిని చూసి ఆగింది. ల్యాప్‌టాప్ దగ్గర వదిలేసిన ఇయర్‌ఫోన్లలోంచి సన్నగా, స్పష్టంగా, ఒక్క అక్షరం తెగకుండా షారోన్ గొంతు వస్తోంది. అమ్మా ఇప్పుడు బాగా వస్తోంది, ఏం చేశావు, అమ్మా, ఏం తీశావు?

సలోమి వెళ్ళి ఒక్క ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుంది. నీకు తెలుసు కదే అంది. తెర మీద షారోన్ తల వంచుకుంది. "నాన్న చెప్పొద్దన్నారమ్మా. చెప్పొద్దని నాయనమ్మే అడిగిందంట. నేను టీవీ చప్పుడు ఆవిడ చెవి మిషన్లోకి పంపే పెట్టె ఒక్కటి బిగించా, అంతే." సలోమి కాల్ తీసేసింది. మూడూ ముప్పై ఎనిమిది.

నవంబరు. కళ్ళు మసకలంటోంది, గుంటూరు తీసుకెళ్ళి చూపిస్తానని ప్రేమదాసు తల్లిని పొద్దున్నే బస్సెక్కించాడు. రాత్రికి చుక్కల మందుతో వచ్చారు. పది రోజులు, రెండు పూటలా, తనే ఆ తల వెనక్కి వాల్చి, రెప్పలు విప్పి, ఒక్కొక్క చుక్క వేసింది. ఆ చుక్కలు కూడా అబద్ధమేనా, నీళ్ళేనా అవి? అప్పటి నుంచే కదా ఇంట్లో ఉన్నప్పుడు కూడా ముసుగు జారనివ్వడం మానేసింది. పెద్దతనంలో భక్తి పెరిగిందనుకుంది. కుక్కరు మూడో కూతకి తల తిప్పితే నేల అదురు తెలిసిందనుకుంది. సీరియల్లో నవ్వే చోట నవ్వితే బొమ్మలు చూసి చూసి అలవాటైందనుకుంది. ఎన్నిటికి ఎన్ని కారణాలు తనే వెతికి పెట్టింది, ఒక్కటి కూడా వాళ్ళని కష్టపెట్టకుండా! శనివారం సాయంత్రాలు మేడ మీద చీకట్లో తల్లీ కొడుకూ మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని ఉంటే, కింద నుంచి చూసి, ప్రార్థన చేసుకుంటున్నారని చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళింది. ఆయన అరవడం లేదని అప్పుడైనా తట్టలేదు. ప్రార్థన! ఆ చీకట్లో ఒక్కొక్కటే బయటికి తీసి అప్పజెప్పారు. పెట్టె మూత, చెక్క వాసన, తేదీ, కనిగిరి. ఆ చీర. దేవుడా, ఆ చీర. మనిషికి గుర్తుందన్నమాట అని ఏడ్చింది కదా వంటింట్లో, ఆ ఏడుపు కూడా మేడ మీదికి వెళ్ళి ఉంటుంది. ఆయనకి గుర్తు రాలేదు, ఎవరో చెవిలో వేశారు, అంగట్లోకెళ్ళి రంగు చూసి కొన్నాడు. అంతకంటే ఆయన మరిచిపోయి ఉంటేనే బాగుండేది. మరుపు ఆయనది, ఆయన సొంతం. ఆ చీరలో ఆయనది ఏదీ లేదు, ఉన్నదంతా తనదే, తన నోట్లోంచి దొంగిలించి తనకే మడతపెట్టి ఇచ్చారు. ఎదురింటి కెమెరా తన గుమ్మం చూస్తోందని బాధపడింది. గుమ్మం లోపల, తను కుర్చీ జరుపుకుని కూర్చున్న చోట, చాట పక్కన...

అప్పుడు గుర్తొచ్చింది ఇంకా ఏదో అన్నది ఏమిటో. గుర్తు చేసుకోవడం ఇష్టం లేనిది. ఫిబ్రవరిలో, కనిగిరి మాట చెప్పిన మధ్యాహ్నం, చివర్లో అంది, నువ్వొక్కదానివే అడ్డం అత్తా, నువ్వు లేకపోతే ఎప్పుడో పోయేదాన్ని. నిన్ను వదిలి పోలేకపోతున్నానని చెప్పడమే తన ఉద్దేశం. కానీ నోటి నుంచి వచ్చిన మాట అది కాదు. వినపడని మనిషి ముందు మాటకి తొడుగు ఎందుకనుకుంది. అది విని కూడా ఆ ముసలిది రెప్ప వాల్చకుండా చాటలో కాయలు కలియబెడుతూ, తాలు కాయ వేరుగా పెట్టు అని అరిచింది. విన్నది. ఆ మాట విన్నది. విని అరిచింది. సలోమికి ఒళ్ళంతా వేడెక్కింది, కోపమో సిగ్గో విడదీయడానికి వీల్లేకుండా. తను సిగ్గుపడాల్సిన చోటు కూడా తనకి చెప్పకుండా నాలుగు నెలలు దాచారు.

మూడూ నలభై తొమ్మిది. పుల్లమ్మ టీవీ వైపు చూడటం లేదు. కారం తగిలిన చెవి తమ్మె ఎర్రగా అయింది. ముసుగు పక్కకి జరిగింది, చెవి వెనక గోధుమ రంగు చిన్న బద్ద కనిపిస్తోంది, దాని నుంచి చెవి లోపలికి వెంట్రుకంత గొట్టం. మాట్లాడితే మునుపట్లా వీధి చివరి దాకా అరుస్తుందనుకుంది సలోమి. పుల్లమ్మ గొంతు చిన్నగా, కొత్తగా, ఎవరో పక్కింటావిడ గొంతులా వచ్చింది. ఇరవై నాలుగేళ్ళలో ఆ గొంతు సలోమి ఎప్పుడూ వినలేదు.

"ఆ పెట్టె పీకితే టీవీ ఒక్కటే ఆగుద్దే అమ్మాయ్. నువ్వు మాట్టాడేది వినపడుద్ది."

సలోమి ఆ బద్ద వైపే చూసింది.

"చెప్తే నువ్వు మాట్టాట్టం మానేస్తావని చెప్పలా. అందరూ నా మీద అరిచేవోళ్ళే. మెల్లగా మాట్టాడేదానివి నువ్వొక్కదానివే. చెవులు పెట్టుకోంగానే నీ మాటే విన్నా ముందు. మల్లా పోద్దని భయమేసింది."

"మరి ఆయనకెందుకు చెప్పావు?"

పుల్లమ్మ చాటలోని కాయల్ని ఒక పక్కకి జరిపింది. "పోతానన్నావుగా. ఆపుతాడనుకున్నా." తల ఎత్తకుండానే, "చీర కూడా నేనే చెప్పా. నువ్వు సంతోషపడతావని" అంది.

అది చెప్పకుండా ఉంటే బాగుండేది. ఆ ఒక్క ముక్క ఊహగా మిగిలి ఉంటే, ఎక్కడో ఒక మూల, కాదేమో, ఆయనకే గుర్తొచ్చిందేమో అనుకునే చోటు ఉండేది. సలోమి కుర్చీలో కూర్చుంది. ముసలిదాని మీద జాలి రావాలి, వస్తోంది కూడా. ఇన్నేళ్ళ హోరు తర్వాత మొదటిసారి ఒక మనిషి మెల్లటి గొంతు వింటే ఎలా ఉంటుందో ఊహించగలదు, ఊహించి కన్నీళ్ళు పెట్టుకోగలదు, అలాంటి మనిషే తను. ఆ సంగతి వీళ్ళందరికీ తెలుసు. తెలుసు కాబట్టే జాలి పడుతుందన్న ధైర్యంతో చేశారు. ఎప్పుడూ అంతే, ఆ మూడు రోజుల వంట అప్పుడు కూడా, పాపం అంతమంది ఆకలితో ఉంటారు కదా అన్నాడు, తను గరిటె పట్టుకుంది. మళ్ళీ ఎప్పుడైనా ఈ మంచం దగ్గర కూర్చుని మిరపకాయ తొడిమ తీస్తుంది, తప్పదు, కారం కావాలి. నోరు మాత్రం మూసుకునే ఉంటుంది. ఆ ముసలిదానికి చెవులొచ్చాయి, తనకి చెప్పుకునే చోటు పోయింది. ఇవాళ జరిగింది అదే, ఇంకేమీ కాదు.

మూడూ యాభై ఎనిమిది. పాఠం పేజీలు తెరిచి పెట్టుకుంది. జుట్టు సర్దుకుంది. వెనక నుంచి చిన్న చప్పుడైతే తిరిగి చూసింది. పుల్లమ్మ ముసుగు పూర్తిగా తీసేసి, ఎడమ చెవి వెనక బద్దని వేళ్ళతో పట్టుకుని లాగుతోంది. ఒళ్ళో, మిరపకాయల పక్కన, రుమాలు పరుచుకుని ఉంది, తీసి అందులో పెట్టడానికి. నీ మాటలు నేను విననులే అన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"తియ్యొద్దు" అంది సలోమి. "ఉంచుకో అత్తా. ఇది విను."

పుల్లమ్మ చెయ్యి దిగి, మళ్ళీ చాటలోని కాయల మీదికి వెళ్ళింది.

నాలుగింటికి సరిగ్గా కాల్ మోగింది. క్రిస్టీనా మేడం మొహం, పక్కన ఇంకో ఇద్దరు, వెనక గోడ మీద పిల్లలు గీసిన బొమ్మలు. ఇవాళ చక్కగా వినపడుతోందమ్మా, ఏం చేశారు అని నవ్వింది. ఇంట్లో అడ్డం ఉన్నదేదో తెలిసిందండీ, తీసేశాను అంది సలోమి. పద్యం చదివింది. ఒక్కొక్క పాదం ఆగి, తిప్పి, అర్థం చెప్పింది. అడిగిన వాటికి జవాబులు చెప్పింది. తన గొంతు తనకే చాలా దూరం వెళుతున్నట్టు అనిపించింది, మధ్యలో ఎవరూ పట్టుకోకుండా, అక్కడెక్కడో మెట్ట నేలలు దాటి, ఎవరికి చెప్పదలచిందో వాళ్ళ దగ్గరికే. ఇరవై నిమిషాలయ్యాక మేడం కాగితాలు పక్కన పెట్టింది. "ఒక్క మాట అడుగుతా, ఏమీ అనుకోకండి. ఇంట్లో అందరికీ చెప్పారా? కిందటి వార్డెను గారు ఇంట్లో ఒప్పుకోలేదని సంవత్సరం మధ్యలో వెళ్ళిపోయారు. పిల్లలు చాలా ఇబ్బంది పడ్డారు."

సలోమి మంచం వైపు చూసింది. ముసుగు లేని ఆ తల నెరిసి, చిన్నగా, గింజ తీసేసిన పత్తిలా ఉంది.

"తెలుసండి. నేను చెప్పకముందే అందరూ విన్నారు."

మేడం తల ఊపింది. "మంచిదమ్మా. మరి ఎప్పుడు చేరగలరు?"

గొంతు పెంచాల్సిన అవసరం ఏమీ లేదు. ఇయర్‌ఫోన్ల మైకు దగ్గరే ఉంది. ఇన్నేళ్ళుగా తొడిమల దగ్గర కూర్చుని మాట్లాడిన ఆ మెల్లటి గొంతుతోనే, "జూన్ ఒకటో తారీఖుకి అక్కడుంటానండి" అంది.

మంచం మీద తొడిమ విరిచే చప్పుడు ఆగింది.